ఉక్రెయిన్ రైల్వే మాజీ చీఫ్ కమీషిన్ గారికి ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టర్ బహిరంగ లేఖ

ఒలెక్సాందర్ కమీషిన్ గారికి నమస్కారం,

మీరు 1984లో పుట్టారట, నేను గుంతకల్ డివిజన్లో డ్యూటీకి ఎక్కింది కూడా ఆ ఏడే. వయసుకి కొడుకులాంటివారు, అయినా రైల్వేలో పోస్టుకి మర్యాద ఇవ్వాలి కాబట్టి గారూ అనే అంటాను.

2022 ఫిబ్రవరి 24న మీ దేశం మీద రష్యా బాంబులు పడేసరికి మీరు రైల్వే చీఫ్‌గా వచ్చి పట్టుమని ఏడు నెలలు. అంతకుముందు ఫైనాన్స్ కంపెనీల్లో పనిచేశారు. ఇలా బయటినుంచి వచ్చిన సార్ల గురించి మా రన్నింగ్ రూముల్లో, అంటే బండి సిబ్బంది రెస్ట్ తీసుకునే గదుల్లో, ఏం మాట్లాడుకుంటామో చెప్తే బాగోదులెండి. కానీ మీరు ఆఫీసు వదిలేసి నలుగురిని వెంటేసుకుని బండి మారుతూ స్టేషన్ మారుతూ అక్కడినుంచే రైల్వే అంతా నడిపారు, దాదాపు 40 లక్షల మందిని పడమటికి చేర్చారు, టికెట్ అడగకుండా.

అందులో మా తమ్ముడి కొడుకు ఒకడు, అక్కడ మెడిసిన్ చదివేవాడు. నలుగురు పడుకునే కూపేలో పదిమందికి పైనే ఉన్నారంట, లైట్లన్నీ ఆపేసి, కర్టెన్లు దించేసి, ఫోన్లు కూడా ముయ్యమన్నారంట. ఆ చీకట్లోనే కోచ్ అటెండెంట్ ఒకావిడ ఇనుప పిడి ఉన్న గాజు గ్లాసులో టీ తెచ్చి ఇచ్చిందంట. వాడు యుద్ధం గురించి అడిగితే మాట్లాడడు, ఆ టీ గురించి మాత్రం చెప్తాడు.

2023 ఫిబ్రవరిలో బైడెన్ కీవ్‌కి రైల్లో వచ్చినప్పుడు, ఆయన బండి టైమ్‌కి నడపడం కోసం మిగతా బండ్లలో 90 శాతమే టైమ్‌కి నడిచాయి, సారీ అని మీరు పెట్టారు చూడండి, అది చదివి నేనూ మా పాత ఫ్రెండ్సూ ఎంత నవ్వుకున్నామో. యుద్ధం లేకుండానే వీఐపీ స్పెషల్ వస్తోందంటే ప్యాసింజర్ని లూప్ లైన్లో పెట్టి గంటలు గంటలు ఆపినవాళ్ళం, ఎవరికీ సారీ చెప్పలేదు.

మార్చిలో మిమ్మల్ని ఆయుధాల ఫ్యాక్టరీలు చూసే మంత్రిని చేశారని తెలిసి మొదట కోపమొచ్చింది, నిజం చెప్తున్నా. బాగా పనిచేసేవాణ్ణి ఇంకో డిపార్ట్‌మెంట్‌కి లాగేయడం ప్రతి దేశంలోనూ ఉందన్నమాట అనుకున్నా. తర్వాత చూస్తే అక్కడి సమస్య కూడా మాకు తెలిసిందే. రేకులు, అంటే గూడ్సు బండ్లు, ఖాళీగా ఉన్నాయి, బండి కావాలని ఇండెంట్ పెట్టే పార్టీ దగ్గర డబ్బుల్లేవు. ఫ్యాక్టరీలు చేయగలిగినంత సరుకు మీ ప్రభుత్వం కొనలేకపోతోంది, అప్పుడు డెన్మార్క్ వాళ్ళే నేరుగా మీ ఫ్యాక్టరీలకి డబ్బు కట్టి మీ సైన్యానికి ఇప్పించే పద్ధతి వచ్చింది. 2024 సెప్టెంబర్‌లో ఆ కుర్చీ కూడా దిగి ప్రెసిడెంట్‌కి సలహాదారు అయ్యారు. అంతకు కొద్దిరోజుల ముందే మా ప్రధాని మీ రైలెక్కి కీవ్ వచ్చారు, టీవీవాళ్ళు బోగీలో సోఫాలు చూపించారు గానీ లోకో పైలట్‌ని ఒక్కసారీ చూపించలేదు.

ఇప్పుడు అసలు అడగాల్సింది. యుద్ధం మొదటి నెలల కంట్రోల్ చార్టులు, స్టేషన్ రిజిస్టర్లు ఏవైనా మిగిలుంటే యుద్ధం అయిపోయాక బయటపెట్టించండి. ఏ లైన్ పోతే ఏ బండిని ఎటు తిప్పారు, ఆ రాత్రి డ్యూటీలో ఎవరున్నారు, ఎవరు తిరిగి ఇంటికి రాలేదు. క్రమతోర్స్క్ స్టేషన్లో 2022 ఏప్రిల్ 8న బండి కోసం నిలబడ్డవాళ్ళ మీద మిసైల్ పడ్డాక, పక్క స్టేషన్ మాస్టర్ ఆ రిజిస్టర్లో ఏమని ఎంట్రీ రాశాడో నాకు చూడాలనుంది.

లేఖ తెలుగులో ఉందని పక్కన పెట్టకండి, మావాడికి మీ భాష కొంచెం వచ్చు, వాడే రాసి పంపుతానన్నాడు.