చిన్నోడికి అమ్మ రాసేది

చిన్నోడా,

ఇక్కడ అందరం బాగున్నాం. మోటారు మళ్ళీ కాలిపోయింది, వైండింగుకి ఇచ్చాం. మీ నాన్న వీధి కుళాయి నుంచి బిందెలు మోసి, నడుం పట్టేసిందని రెండు రోజులుగా మంచం దిగడం లేదు. గురువారం బస్సులో వేసిన బియ్యం బస్తా అందిందా? నువ్వు ఫోన్ ఎత్తి మూడు వారాలైంది. ఆఫీసులో పని ఎక్కువని నాన్నకి నేనే చెప్పుకొస్తున్నా.

శైలజ మొన్న ఫోన్ చేసింది. పెసరట్టుకి పెసలు ఎన్ని గంటలు నానాలని అడిగింది. మీ పెళ్ళయి ఆరేళ్ళు, నాకంటే బాగా వేస్తుంది ఆ పిల్ల. చెప్పాల్సింది తను చెప్పలేదు, అడగాల్సింది నేను అడగలేదు. ఫోన్ పెట్టేసేముందు ముక్కు ఎగపీల్చడం మాత్రం వినపడింది.

రమణ నిశ్చితార్థంలో నిన్ను ఇద్దరు పట్టుకుని కార్లో కూర్చోపెట్టారని కొండాపురం పిన్ని అంటోంది. పిన్ని మాటల్లో సగం తీసేయాలి. మిగిలిన సగానికే నాకు నిద్ర పట్టడం లేదు. సరే, ఆ సంగతి వదిలెయ్. పెరట్లో మునగ బాగా కాసింది, తినేవాళ్ళే లేరు.

పోయిన ఆదివారం నెల్లూరు వెళ్ళాను. కంటి డాక్టరు దగ్గరికని నాన్నకి చెప్పా. కొత్త కళ్ళజోడేదని ఆయన ఇంకా అడుగుతూనే ఉన్నారు. వెళ్ళింది ఏఏ మీటింగుకి, ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా కూర్చుని మాట్లాడుకునే చోటు. వాళ్ళ వెబ్‌సైటులో ఊరు పేరు పెట్టి పక్కింటి చంద్ర కూతురు వెతికిచ్చింది. మా మేనల్లుడి కోసమని అబద్ధమాడా. పాపం వాడు మజ్జిగ తప్ప ఎరగడు. ఒక్కోసారి చోటు మారుతుంది, ఫోన్ చేసి కనుక్కునే వెళ్ళమంది ఆ పిల్ల.

ఏదో స్కూలు వెనక గది. అన్నీ చిన్నపిల్లల బెంచీలు, బోర్డు మీద ఏడో ఎక్కం సగం చెరిపి ఉంది. గేటు దగ్గర పావుగంట నిలబడ్డా. తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని కొంగు తల మీదికి లాక్కున్నా. అప్పుడే హెల్మెట్ తీస్తూ ఒకాయన "లోపలికి రండమ్మా, ఎండలో ఎందుకు" అన్నాడు. లోపల పదిమంది దాకా ఉన్నారు. "పేరొక్కటి చెబితే చాలమ్మా, ఇష్టం లేకపోతే అదీ వద్దు" అన్నారు. నాకు కాళ్ళలో వణుకు. "నేను తాగను" అనేశా. గదంతా నిశ్శబ్దం. మూల కూర్చున్న పెద్దాయన "మేమూ మొదట్లో అదే అనేవాళ్ళం" అన్నాడు. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, నవ్వుతుంటేనే ఏడుపొచ్చింది.

వాళ్ళలో ఒకాయన మానేసి పదకొండేళ్ళట. పక్కన నీ వయసు కుర్రాడు, తొమ్మిది రోజులన్నాడు. చేతిలో టీ గ్లాసు తొణికి చొక్కా మీద పడింది. వాడికీ పదకొండేళ్ళాయనకి కొట్టినట్టే చప్పట్లు కొట్టారు. చివర్లో గుడ్డ సంచి తిప్పితే ఇరవై వేయబోయా, వద్దన్నారు. బయటివాళ్ళ డబ్బు తీసుకోరట, ఫీజూ లేదట. ఆ రోజు ఎవరైనా రావచ్చు కాబట్టి నన్ను కూర్చోనిచ్చారు. కొన్ని మీటింగులు తాగుడు మానాలనుకునేవాళ్ళకే. ఇంట్లోవాళ్ళకి అల్-అనాన్ అని వేరే ఉందట, దాని గురించి శైలజకి నేను చెబుతా. 1935లో అమెరికాలో ఒక షేర్ల వ్యాపారీ ఒక డాక్టరూ కలిసి దీన్ని మొదలుపెట్టారట, ఇద్దరూ తాగుబోతులేనట. డాక్టరంతటివాడికే తప్పలేదు, నువ్వెంత.

ఉపదేశం చేయకూడదనే కూర్చున్నా. కానీ చిన్నమామ సంగతి నీకు పూర్తిగా తెలియదు. సారా అంగళ్ళు మూయించాలని దూబగుంట రోశమ్మ వాళ్ళు చేసిన గొడవప్పుడు, 1992లో, నేనూ కొంగు బిగించి అంగడి మీదికి వెళ్ళినదాన్నే. సారా పాకెట్లు రోడ్డు మీద పోసి తగలబెట్టాం. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది, 1995లో మద్యమంతా ఆపారు, 1997లో మళ్ళీ తెరిచారు. అంగడి మూయిస్తే మనిషి మానేస్తాడనుకున్నాం. చిన్నమామకి ఆ ఏళ్ళన్నీ ఒక్కటే, ఎక్కడో ఒకచోట దొరికేది. చివరికి అమ్మమ్మ మీద ఒట్టేసి ఒక్కరోజులో ఆపేశాడు. మూడో రోజు ఫిట్స్. అందుకే చెబుతున్నా, రోజూ తాగేవాడు ఉన్నట్టుండి ఆపకూడదు, ముందు డాక్టరుకి చూపించుకోవాలి. ఆయన మందిస్తే వేళకి వేసుకో. (మందు అని రాయడానికే భయమేస్తోంది.)

నువ్వు రోజూ తాగుతావని నేననలేదు. తాగకపోతే ఈ కాగితం చించెయ్, నా మీద కోప్పడు. ఫోన్ చేసి మరీ కోప్పడు.

కడుపులో మంట తగ్గిందా? పొద్దున్నే ఖాళీ కడుపుతో కాఫీ తాగకు. చొక్కాలు లావు మనిషివైనట్టు కొంటున్నావు, ఫోటోలో చూశా.

బస్తా విప్పావా? పైన జీలకర్ర పొట్లం, దాని కింద మడిచిన కాగితం ఉంటుంది. మీ ఇంటికి దగ్గర్లో గ్రూపు ఎక్కడుందో, ఏ వారమో, టైమెంతో రాశా. ఒంటరిగా వెళ్ళడానికి మొహమాటమైతే చెప్పు, నేనొస్తా, నాకిప్పుడు అలవాటే. త్వరగా విప్పు, పురుగు పడుతుంది.

అమ్మ