హల్ఖాకి పదిమంది చాలు

బేటా, అస్సలాము అలైకుమ్.

యూనివర్సిటీ మసీదులో ఖురాన్ హల్ఖా, అదే గుండ్రంగా కూర్చుని చదువుకునే బృందం, నీ చేతికిచ్చారని విని చాలా సంతోషపడ్డాను. అక్కడ హాజరుపట్టీ, మార్కులు ఉండవు. రాకపోతే అడిగేవాళ్లుండరు. అందుకే వచ్చిన ప్రతివాడి నోరూ కదలాలి. ఒక్కడే గంటసేపు చెబుతూ పోతే మూడో వారానికి సగంమంది జారుకుంటారు.

మగ్రిబ్, అంటే సూర్యాస్తమయం నమాజు, అయ్యాక నలభై నిమిషాలు చాలు. పదిమంది గుండ్రంగా కూర్చోండి. తలా మూడు ఆయత్‌లు (ఖురాన్ వాక్యాలు) గొంతెత్తి చదవాలి, తర్వాత వాటికే తర్జుమా (అనువాదం), చివర్లో ప్రశ్నలు. పదిమంది దాటితే రెండో హల్ఖా పెట్టు. ఉర్దూ రాని పిల్లలుంటే తర్జుమా తెలుగులోనే చెప్పు, మొహమాటపడకు.

తెలుగు లిపిలో సూరాలు (ఖురాన్ అధ్యాయాలు) నేర్చినవాళ్లకు అరబీ అక్షరాలు కాఫ్ (ك), ఖాఫ్ (ق) రెండూ ఒకటే. కాఫ్‌తో పలికితే ‘కల్బ్’ కుక్క, ఖాఫ్‌తో పలికితే హృదయం! దక్కనీ ఉర్దూ మాట్లాడే ఇళ్లల్లో ఇంకో చిక్కు, ఖాఫ్‌ని ఖే (خ) అనే ఇంకో అక్షరం చేసేస్తారు, గొంతులో గరగర వస్తుంది. ఖాఫ్‌కి నాలుక మొదలు కొండనాలుక దగ్గర అంగిటికి గట్టిగా తగిలి విడవాలి, గాలి రాసుకుంటూ పోకూడదు. ఒక్కొక్కరికి రోజుకి ఒక్క తప్పే దిద్దు. నాలుగు దిద్దితే కొత్తవాడు మర్నాడు రాడు.

ఇండోనేషియాలో బాండుంగ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ దగ్గర సల్మాన్ మసీదు ఉంది. గుమ్మటం లేదు, నమాజు హాల్లో ఒక్క స్తంభమూ అడ్డురాదు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చెప్పే ఇమాదుద్దీన్ అబ్దుల్‌రహీం 1974లో అక్కడ విద్యార్థులకు దీనీ (మతపరమైన) శిక్షణ మొదలుపెట్టారు. నేర్చుకున్నవాళ్లు వేరే క్యాంపస్‌లలోనూ చిన్న చిన్న హల్ఖాలు పెట్టారు. 1978లో ప్రభుత్వం విద్యార్థి రాజకీయాల్ని కట్టడి చేశాక మసీదు వైపు వచ్చేవాళ్లు ఇంకా పెరిగారు. పెద్ద ఉపన్యాసాలకంటే, నేర్చినవాడు ఇంకొకడికి నేర్పడమే ఆ పద్ధతిని ఊరూరికీ తీసుకెళ్లిందని నా నమ్మకం. నీ పదిమందిలో ఇద్దర్ని ఇప్పటినుంచే తయారుచెయ్యి.

మసాయిల్, అంటే ఏది చెల్లుతుంది ఏది చెల్లదు అనే ధర్మసందేహాలు, అడిగితే నువ్వు తీర్పు చెప్పకు. కాగితం మీద రాసి ఇమాం సాబ్‌కి చూపించు, జవాబు మర్నాడు అందరికీ చదువు. హనఫీ, షాఫయీ అని వేర్వేరు ధర్మశాస్త్ర సంప్రదాయాల పిల్లలు పక్కపక్కన కూర్చునే చోట తొందరపడి చెప్పిన మాట హల్ఖానే చీలుస్తుంది. పరీక్షల నెలలో పావుగంటకి కుదించు కానీ ఆపొద్దు. ఆపితే మళ్లీ కూడటం కష్టం.

ఇంకొకటి, ముస్‌హఫ్‌లు (ఖురాన్ ప్రతులు) పదీ ఒకే ముద్రణవి తెప్పించు, పదిహేను లైన్లవి. ఒకరిది పదమూడు లైన్లు, ఇంకొకరిది పదహారు అయితే పేజీలు కలవక వెతుక్కోడానికే సమయం పోతుంది.

దుఆలతో,
అబ్బా