బరాత్ గుర్రాలకు టెస్టులు ఎవరు చేస్తున్నరు?

ఎడిటర్ గారికి నమస్తే. మాది దేవరకొండ దిక్కు, మా నాయిన కాలం నుంచి పెండ్లి బరాత్‌లకు గుర్రాలు నడుపుతున్నం. మొన్న జడ్చర్లకు పోతే అక్కడికి ఇంకో తెల్ల గుర్రం వచ్చింది, ముక్కులకెళ్లి పసుప్పచ్చ చీమిడి కారుతుంది, ఎనక కాలు మీద గడ్డలు పగిలి పుండ్లున్నయ్, అడిగితే జలుబు అంటడు ఓనరు. నేనైతే మా గుర్రాన్ని ఆ బకెట్ల మూతి పెట్టనియ్యలే.

ఎందుకంటే గ్లాండర్స్ రోగం గూడ గిట్లనే ఉంటది, దానికి వ్యాక్సిన్ లేదు, మనుషులకు గూడ అంటుకుంటది, రక్తం టెస్టుల తేలితే గుర్రాన్ని చంపి పూడ్చుడే. పశువుల అంటురోగాల మీద వచ్చిన 2009 చట్టం ప్రకారం డౌట్ ఉన్నా ఓనరే చెప్పాలె. 1978 పశువుల రవాణా రూల్స్‌ల బండి ఎక్కించే ముందు పశువుల డాక్టర్ సర్టిఫికెట్ ఉండాలని గూడ ఉంది. నేను ఆ కాగితం కోసం పోతే గుర్రం గేటు కాడ డీసీఎంలనే ఉంది, బయటికొచ్చి చూడకుండనే రాసిచ్చిన్రు!

రక్తం తీస్తే శాంపిల్ హర్యానాల ఉన్న హిసార్ ల్యాబ్ దాకా పోవాలె, రిపోర్టు వచ్చేదాక గుర్రాన్ని కట్టేసుకుంటే మూఢం పోయినంక వచ్చే నాలుగు ముహూర్తాలు పాయె, దాణా ఖర్చు ఆగుతదా, అందుకే మావోళ్లు దాస్తరు, తప్పే కాని ఎందుకు దాస్తరో గూడ చూడాలె కద. పెండ్లిళ్ల సీజన్‌కు ముందే మండలాలకు వచ్చి శాంపిళ్లు తీస్కపోతే మేమే లైన్ల నిలబడతం.

– ఒక గుర్రాల ఓనరు, నల్లగొండ జిల్లా