అడుగుల అరిసెలు అమ్మానాన్నలు కలిసి వండాలి

సంపాదకులకు నమస్కారం.

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులు వస్తే పంచదార చిలకలు. పసివాళ్ల ప్రతి చిన్న గెలుపుకీ ఒక తీపి పెట్టుకున్న ఇళ్లు మనవి. ఊరిని బట్టి వంట మారుతుంది గానీ వేడుక మారదు. ఈమధ్య ఇవి మళ్లీ కళకళలాడుతుంటే చూడముచ్చటగా ఉంది. కాకపోతే హాలు మాట్లాడడం, పూల తెర కట్టించడం, అరిసెలు దుకాణం నుంచి కిలోల లెక్కన తెప్పించడం అలవాటవుతోంది. తండ్రి వంతు డబ్బు కట్టి ఫొటోలో నిలబడడమే అవుతోంది. మిగతా వేడుకలు ఎలా జరుపుకున్నా, అడుగుల అరిసెలు మాత్రం ఇంట్లోనే, ఆలుమగలు కలిసి వండాలని నా మనవి. అరిసె ఒక్కరి చేతుల మీద సరిగ్గా కుదరదు. పాకంలో పిండి పోయడానికి ఒకరు, ఆపకుండా కలియబెట్టడానికి ఇంకొకరు ఉండాలి. నూనెలోంచి తీసేవాళ్లు ఒకరైతే నూనె కారేలా నొక్కేవాళ్లు మరొకరు. పెళ్లయిన కొత్తలో కలిసి సినిమాకి వెళ్లే జంట, బిడ్డ పుట్టాక కలిసి చేసే పని ఒకటి ఉండాలి కదా. ఇదే ఆ పని అని నేనంటాను.

మొదటిసారి పొయ్యి ముందు నిలబడే నాన్నలకు పనికొచ్చేలా కొలతలు చెబుతాను. కిలో బియ్యం కడిగి ఒక పగలూ ఒక రాత్రీ నానబెట్టాలి. నీళ్లు రెండు మూడుసార్లు మార్చకపోతే పులిసిన వాసన వస్తుంది. చిల్లుల గిన్నెలో వడకట్టి, బట్ట మీద పావుగంట మాత్రమే ఆరనిచ్చి, తడి ఉండగానే మరకు తీసుకెళ్లాలి. పిండి గుప్పెట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి. జల్లించిన పిండిని గిన్నెలోకి అదిమి, పైన తడిబట్ట కప్పి ఉంచాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ప్యాకెట్ పొడిపిండి వాడినా, తడిపిండిని ఫ్యాను కింద ఆరబెట్టినా అది పాకాన్ని పీల్చేసుకుంటుంది. చలిమిడి బిగిసిపోయి, అరిసె అంచులు పగుళ్లు తీస్తాయి.

బెల్లం ముప్పావు కిలో చాలు. దంచి, గ్లాసు నీళ్లు పోసి కరగనిచ్చి, తప్పకుండా వడకట్టాలి. అడుగున ఇసుక తేలని బెల్లం అరుదు. తరవాత పాకం. పళ్లెంలో చన్నీళ్లు పోసుకుని, అందులో పాకం చుక్క వేసి వేలితో దగ్గరకు తీస్తే మెత్తని ఉండ కావాలి. ఆ ఉండని పళ్లేనికేసి కొడితే ఖంగుమని మోగిందంటే పాకం ముదిరింది. అరిసెలు రాళ్లవుతాయి. దగ్గరకు రాకుండా నీళ్లలో కరిగిపోతే అది లేతపాకం. అరిసె నూనెలో వేయగానే విచ్చిపోతుంది. మెత్తని ఉండకీ ముదురుకీ మధ్య ఉన్న వ్యవధి చాలా తక్కువ. అందుకే ఒకరి కళ్లు పళ్లెం మీద ఉంటే రెండోవారి చెయ్యి పొయ్యి మీద ఉండాలి. ఉండపాకం రాగానే మంట ఆపి, రెండు చెంచాల నెయ్యి, యాలకుల పొడి, వేయించిన నువ్వులు వేసి, పిండి గుప్పెడు గుప్పెడు చొప్పున పోయించుకుంటూ కలపాలి. బలం కావలసింది అప్పుడే. చలిమిడి గరిటె నుంచి నెమ్మదిగా జారేంత పలచగా ఉండగానే ఆపాలి, చల్లారేకొద్దీ తానే గట్టిపడుతుంది. రెండు గుప్పిళ్ల పిండి పక్కన ఉంచుకుంటే, మరీ జారైనప్పుడు ఆదుకుంటుంది. మరీ బిగిస్తే కాసిని వేడిపాలు చిలకరించి మెదపాలి.

నిమ్మకాయంత ఉండ తీసి, నూనె రాసిన అరిటాకు మీద వేళ్లతో వత్తి, మధ్యస్థంగా కాగిన నూనెలో ఒకటీ ఒకటీ వేయాలి. నూనె మరీ కాగితే పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటుంది, చాలకపోతే అరిసె నూనె తాగేస్తుంది. పొంగి తేలాక తిప్పి, ఎర్రబడగానే తీసి, రెండు చిల్లుల గరిటెల మధ్యనో అరిసెల చెక్కల మధ్యనో వెంటనే నొక్కాలి. ఒక్క నిమిషం ఆలస్యమైనా నూనె లోపలే ఉండిపోతుంది. ఈ కొలతకు నలభైకి అటూ ఇటూగా వస్తాయి. ఇరుగుపొరుగు ఇళ్లకు, ఇద్దరి పుట్టిళ్లకు సరిపోతాయి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వేడి మీద మూత పెడితే చెమ్మ పట్టి బూజు వస్తుంది.

వేడుక రోజున ఉతికిన తెల్లబట్ట పరిచి, బిడ్డ అడుగుకు అందేంత దూరంలో అరిసెలు వరసగా పేర్చి, రెండు చేతులూ పట్టుకుని నడిపిస్తారు. నూనె సరిగ్గా నొక్కని అరిసె మీద ఆ లేత పాదం జారుతుంది, అందుకని పైన పలచని బట్ట ఇంకొకటి కప్పితే మేలు. పట్టీలు ఉంచినా సాక్సు తీసేయండి. చేతులు పట్టుకునేది నాన్న అయితే, ఎదురుగా కూర్చుని పిలిచేది అమ్మ కావాలి. పిలుపు వినిపించే వైపే బిడ్డ అడుగు వేస్తుంది. అరిసె ముక్క బిడ్డ నోట్లో పెట్టకండి. రెండేళ్లలోపు పిల్లలకు తీపి అలవాటు చేయవద్దని వైద్యులు చెబుతున్నారు, పైగా గట్టి ముక్క గొంతుకు అడ్డం పడుతుంది. భోగిపళ్లలో చిల్లరకూ శనగలకూ ఇదే జాగ్రత్త కావాలి. పోసిన వెంటనే ఏరేయాలి.

ఎన్నో నెలలో చేయాలి అని అడిగేవాళ్లకు ఒకటే జవాబు: బిడ్డ నడిచినప్పుడు. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన కొలమానాల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఎనిమిదో నెల దాటాక మొదలుకొని పదిహేడున్నర నెలల దాకా ఎప్పుడైనా పట్టు లేకుండా నడవవచ్చు. కొందరు మోకాళ్ల మీద పాకకుండానే లేచి నిలబడతారు. కాబట్టి తోడికోడలి కొడుకు పది నెలలకే నడిచాడని, హాలు ముందే మాట్లాడేశామని బిడ్డను తొందరపెట్టకండి. పద్దెనిమిది నెలలు నిండినా సొంతంగా నడవకపోతే పిల్లల డాక్టరుకు చూపించాలి. అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో ఏ వయసుకు ఏం చేస్తారో బొమ్మలతో ఉంటుంది, ఆ కార్డును టీకాల రోజున తప్ప తెరవని తండ్రులే ఎక్కువ. మొదటి అడుగు పడిన తేదీ అందులోనే ఒక మూల రాసిపెట్టుకోవచ్చు. ఇక కూర్చోబెట్టి తోసే చక్రాల ప్లాస్టిక్ వాకర్లు నడక నేర్పవు, గుమ్మాలూ మెట్లూ దాటి పడేస్తాయి. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషిద్ధం. మన చెక్క మూడుచక్రాల బండి వేరు, బిడ్డ తన కాళ్ల మీద నిలబడి దాన్ని తోస్తుంది. పలకరాళ్ల మీద మరీ జోరుగా ఉరికితే ఒక చాప పరిస్తే సరి.

తండ్రికి తీరిక ఎక్కడిది అంటారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి పితృత్వ సెలవు 15 రోజులు, అదీ కాన్పు జరిగిన ఆరు నెలల లోపే వాడుకోవాలి. ప్రైవేటు ఉద్యోగంలో తల్లికి 26 వారాల సెలవు చట్టం ఉంది గానీ తండ్రికి అలాంటి చట్టం లేదు. అడుగులు పడేది దాదాపు ఏడాదికి. అంటే ఏ సెలవూ ఆ రోజుకు అందదు. బియ్యం శుక్రవారం రాత్రి నానబెట్టి, శనివారం రాత్రికి పిండి పట్టించుకుని, ఆదివారం ఉదయం వండుకుంటే వారాంతంలోనే పని అయిపోతుంది. మొదటి అడుగు పనిరోజున పడి, దాన్ని నాన్న చూడలేకపోయినా బాధపడనక్కర్లేదు. అరిసెల మీద పడే అడుగుకు ఎదురుగా ఉంటే చాలు.

మీ పత్రికకు ఒక చిన్న వినతి. సంక్రాంతికి ముందు కొత్త బియ్యం, అనకాపల్లి కొత్త బెల్లం అంగళ్లకు వచ్చే రోజుల్లో మీరు పిండివంటల కొలతలు వేస్తుంటారు. అవి ఎప్పుడూ మహిళల పేజీలోనే వస్తున్నాయి. ఈసారి అరిసెల కొలతలు మగవాళ్లు కూడా తిరగేసే పేజీలో వేయండి, పాకం పరీక్ష ఫొటోతో సహా.

– ఒక పాఠకురాలు, తెనాలి