ఆ ఫలకం అలంకరణ వస్తువు కాదు

సంపాదకులకు నమస్కారం.

బ్రిటన్‌లో 1832 నాటి సంస్కరణ చట్టానికి (పార్లమెంటు సీట్లను, ఓటు హక్కును మార్చిన చట్టం) గుర్తుగా చెక్కిన పాత రాతి ఫలకాన్ని తోట అలంకరణకని అమ్మకానికి పెడితే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ రాయి వెనుక ఎంత పోరాటం ఉంది! జనం దాదాపు లేని ఓల్డ్ సారం అనే దిబ్బకు పార్లమెంటులో ఇద్దరు సభ్యులుండేవారు. మిల్లులతో కిక్కిరిసిన మాంచెస్టర్‌కు సొంతంగా ఒక్కరూ లేరు. ఆ చట్టం ఓల్డ్ సారంతో సహా 56 నియోజకవర్గాలను పూర్తిగా రద్దు చేసి, మాంచెస్టర్‌కు రెండు సీట్లిచ్చింది. అయితే ఓటరంటే పురుషుడే అని రాసిందీ ఆ చట్టమే. కూలీల్లో చాలామందికి అప్పుడూ ఓటు రాలేదు. ఫలకం పక్కన చిన్న బోర్డు పెట్టి ఈ సంగతి కూడా చెప్పాలి.

కొనేవాళ్లకు ఒక మనవి. మెరవాలని యాసిడ్ పోయకండి, వైర్ బ్రష్‌తో రుద్దకండి. సున్నపురాయి యాసిడ్‌కు కరిగిపోతుంది, అరిగిన అక్షరం మళ్లీ రాదు. అది ఏ భవనం నుంచి వచ్చిందో అడిగి రాసి ఉంచండి. వీలైతే ఆ ఊరి మ్యూజియానికే ఇచ్చేయండి.

– ఒక పాఠకుడు