జలుబుకి యాంటీబయాటిక్ ఎందుకు డాక్టర్ గారూ?

సంపాదకులకు నమస్కారం.

పోయిన నెల మావాడికి జలుబు చేసింది. ముక్కు కారడం, కాస్త దగ్గు, రాత్రిపూట ఒళ్లు కొంచెం వెచ్చబడటం, అంతే. ఎప్పుడూ చూపించే ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లాను. స్టెతస్కోప్ పెట్టారు, గొంతులోకి టార్చ్ వేసి చూశారు, "వైరలే, కంగారేం లేదమ్మా" అన్నారు, అంటూనే అజిత్రోమైసిన్ సిరప్ మూడు రోజులకి రాసేశారు. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు కదండీ అంటే ఒక్క క్షణం ఆగి, "నిజానికి అక్కర్లేదు, కానీ రాయకపోతే చాలామంది ఊరుకోరు" అన్నారు.

ఆయన మీద ఫిర్యాదుగా ఇది రాయడం లేదు, మనిషి మంచాయనే. అయినా ఆ మాట నన్ను వదల్లేదు, ఎందుకంటే అందులో సగం తప్పు మనదే. జలుబు దానంతటదే తగ్గుతుంది. మనం మూడో రోజు వెళ్తాం, ఐదారు రోజులకి తేలికపడతాం, పేరు మాత్రం మాత్రకీ ఆ డాక్టర్ హస్తవాసికీ పోతుంది. కాకి వాలగానే తాటిపండు రాలినట్టు! మళ్లీసారి అదే మాత్ర కావాలంటాం, కొందరైతే పాత చీటీ పట్టుకెళ్లి తామే కొనేసుకుంటారు. రాయని డాక్టరేమో "ఉత్త పారాసిటమాల్ ఇచ్చి పంపించాడండీ" అనిపించుకుంటాడు.

కళ్లె పచ్చగా వస్తే యాంటీబయాటిక్ పడాల్సిందే అన్నది ఇంకో నమ్మకం. వైరల్ జలుబులోనూ కళ్లె పచ్చబడుతుంది, రంగు చూసి బ్యాక్టీరియా అని తేల్చలేం. పెద్దవాళ్లలో పదిమందికి గొంతునొప్పి వస్తే స్ట్రెప్ బ్యాక్టీరియా వల్ల వచ్చేది ఇంచుమించు ఒక్కరికే. ఇక జలుబు తగ్గాక కూడా దగ్గు రెండు మూడు వారాలు సాగడం మామూలే, ఈ ఒక్క ముక్క ముందే చెబితే చాలామంది రెండోసారి రానే రారని నా అనుమానం.

"సేఫ్ సైడ్‌కి రాశాను" అనే డాక్టర్లూ ఉన్నారు. ఏం సేఫ్? కిందటేడు ఇలాంటి జలుబుకే అమాక్సిసిలిన్ వాడితే మావాడికి రెండో రోజు నుంచి విరేచనాలు, దగ్గు తగ్గలేదు సరికదా నిద్ర లేదు. అది మా ఇంటి గోల, పోనివ్వండి. అజిత్రోమైసిన్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆచితూచి వాడాల్సిన మందుల్లో పెట్టింది. అక్కర్లేకుండా వాడేకొద్దీ బ్యాక్టీరియా ఆ మందులకి లొంగకుండా తయారవుతుంది. అలాంటి మొండి బ్యాక్టీరియా వల్ల 2019 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. పెన్సిలిన్‌ని కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ అందుకుంటూనే, చాలీచాలని మోతాదుల్లో వాడితే క్రిములు మొండికేస్తాయని హెచ్చరించాడు.

న్యుమోనియాకో, మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కో రాస్తే కాదనకుండా వాడాలి, అందులో వాదన లేదు. నేను అడిగేది చిన్నది. చీటీ రాసే ఆ అర నిమిషంలో "ఇది ఇన్ని రోజులుంటుంది, ఆయాసం వచ్చినా, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టినా, పిల్లాడు నీళ్లు కూడా తాగకపోయినా వెంటనే రండి" అని చెప్పండి. మరీ అనుమానంగా ఉంటే, చీటీ రాసిచ్చి, రెండు మూడు రోజులు చూసి తగ్గకపోతేనే వాడమనండి. కొన్ని దేశాల్లో డాక్టర్లు అలాగే చేస్తున్నారు, ఆ చీటీలు చాలావరకు వాడకుండానే ఉండిపోతున్నాయట.

మావాడి దగ్గు పదహారో రోజుకి పోయింది. ఆ సిరప్ సీసా సీలు కూడా తీయలేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు