ఆ రాత్రి ఆటో అన్నకి

గాజువాకలో ఆ రాత్రి మా తమ్ముడిని ఇంటిదాకా తెచ్చి దింపిన ఆటో అన్నా, మీ పేరు కూడా అడగలేదు. వాడి జేబులో గంజాయి పొట్లం, ఒంటి మీద స్పృహ లేదు. అమ్మ ఏడుస్తూ చెయ్యెత్తితే మీరే అడ్డం వచ్చారు. "కొట్టకమ్మా, వీడికిప్పుడు డాక్టరు కావాలి" అన్నారు. కిరాయి తీసుకోలేదు.

కేసవుతుందనే టెన్షన్‌తో అప్పటిదాకా మేం ఎవరికీ చెప్పుకోలేదు. కొద్దిపాటి గంజాయితో దొరికినవాడైనా తనంతట తాను వైద్యానికి ముందుకొస్తే, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 64ఏ సెక్షన్‌లో రక్షణ ఉందట. లాయరు చెప్పేదాకా మాకు తెలీదు. ఎంతమంది తల్లులకు తెలుసంటారు?

మీరు సీటు కింద నుంచి పాత రసీదు తీసి, వెనక 14446 అని రాసిచ్చారు. మత్తు మాన్పించే సాయం కోసం ఉచిత నంబరు. ఆ కాగితం ఇంకా మా దేవుడి గూట్లోనే ఉంది, పసుపు అంటుకుని.

అమ్మేవాళ్ల సంగతి, మత్తుమందుల మీద ఫిర్యాదులు తీసుకునే 1972 నంబరుకి చెప్పమన్నారు. మన్యం నుంచి దిగే సరుకు మా సందులోకి వస్తోందని తెలిసీ ఊరుకున్నవాళ్లం. ఇప్పుడు వీధిలో నలుగురం కలిసి ఫోన్ చేస్తున్నాం.

తమ్ముడు వెల్డింగ్ పనికి వెళ్తున్నాడన్నా. సాయంత్రం సెంటర్లో దిగి, మీ ఆటో కోసం చూస్తుంటాడు.